తువ్వాళ్ళు కప్పిన కుర్చీలు

ఏడవకండి మరియమ్మ ఆంటీ, ఆఫీసులో అందరూ మనవైపే చూస్తున్నారు. స్కాలర్‌షిప్ లిస్టు మళ్ళీ చూస్తానంటారా, చూడండి. గోడ మీదే ఉంది. మీ రేచల్ పేరు లేదు. నాలుగుసార్లు చదివినా రాదు.

తొంభై ఒక్క శాతం. నాకు తెలియదా? మార్కుల షీటు జిరాక్స్ ఫైల్లో పెట్టింది నేనే. కానీ ఈ ట్రస్టు చదివించేది మార్కులు చూసి కాదు, బీదరికం చూసి. ఇల్లు చూసి రాయమని నన్ను పంపేది అందుకే. మీరేం చూపించారు?

ఎనిమిది కుర్చీలు. ఒంటిగది ఇంట్లో ఎనిమిది. టేబుల్ ఫ్యాను. టీవీ. పింగాణీ కప్పులో హార్లిక్స్, పక్కన జీడిపప్పు బిస్కెట్లు. మీరేమో క్రిస్మస్ పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆస్పత్రిలో బెడ్‌పాన్లు కడిగే మనిషంటే ఎవరు నమ్ముతారు?

ఏంటీ, సార్ వస్తుంటే మర్యాద చెయ్యొద్దా అంటారా? నేనేమన్నా పెళ్ళిచూపులకి వచ్చానా?

చదువు హక్కు, భిక్ష కాదు. మీ బస్తీ గోడ మీద ఆ మాట నా చేత్తో రాశాను. ఆ గోడ పక్కనుంచే కదా కుర్చీలు మోసుకొచ్చారు? పేదరికానికి సిగ్గుపడాల్సింది మీరు కాదు, ఈ వ్యవస్థ అని ఎన్ని మీటింగుల్లో చెప్పాను. ముందు వరసలో కూర్చుని తల ఊపారు. ఇంటికెళ్ళి గోడలకి సున్నం కొట్టారు. మీరిలా దాస్తారు కాబట్టే రాయపూర్‌లో పేదలే లేరని సర్కారు వాళ్ళు లెక్కలు చెప్తున్నారు.

సరే. పదకొండో క్లాసు సైన్సు ఇక లేదు. పండరీ బట్టల బజారులో చీరలు మడతపెట్టే పని ఉందన్నారుగా, సోమవారం నుంచి పంపండి. నేనిచ్చిన పుస్తకాలు తిరిగివ్వక్కర్లేదు.

అరే, నన్ను క్షమించమంటారేంటి? దండం పెట్టకండి. చేతులు దించండి.

వినండి. ఆ కుర్చీల వీపులకి తువ్వాళ్ళు కప్పారు కదా, మీరు స్టవ్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకటి ఎత్తి చూశాను. తెల్లరంగుతో మీ చర్చి పేరు. మళ్ళీ కప్పేశాను. తిరిగి వెళ్తుంటే రేచల్ మెయిన్ రోడ్డు దాకా వెనకే వచ్చింది. "భయ్యా, అందులో ఏదీ మాది కాదు. నేను చెప్పానని అమ్మతో అనొద్దు, బాధపడుద్ది" అంది. నాకు తెలుసులే అన్నాను.

ఫారం అడుగున 'ఇతర వివరాలు' అని నాలుగు గీతలుంటాయి. అక్కడ ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. మీకు బుద్ధి రావాలనుకున్నాను.

అదిగో, రేచల్ ఇంకా ఆ గోడ దగ్గరే ఉంది. నేను ఫారంలో నిజం రాశాననుకుని, లిస్టు రెండో కాగితంలో తన పేరు వెతుక్కుంటోంది. వెళ్ళి పిలవండి, ఆంటీ. నేను పిలవలేను.