టైపిస్టు అవసరం లేని నవల

అచ్చాఫీసులో టైపిస్టు బల్ల మీద తన నాలుగో నవల కాగితాలు పరిచి ఉండటం చూసి రచయిత ఆగిపోయాడు.

"ఫ్లాపీ ఇచ్చాను కదమ్మా, మళ్ళీ మొదట్నుంచీ కొడుతున్నావేంటి?"

"మీ ఇంటి కంప్యూటర్ ఫ్లాపీ ఇక్కడ తెరుచుకోదు సార్. అలాంటి కంప్యూటర్ ఊరంతటికీ మీకొక్కరికే ఉంది."

"మరి ఇంతకుముందు మూడు నవలలూ?"

"అవీ ఫ్లాపీతో పాటు మీరిచ్చిన కాగితాలు చూసి నేనే కొట్టాను."

"ఒక్క మాట చెప్పకపోయావా తల్లీ!"

"మీరొచ్చినప్పుడల్లా ఆ కంప్యూటర్ని ఆకాశానికెత్తేస్తుంటే నోరు రాలేదు."

"మణికట్టుకి ఆ పట్టీ నా వల్లేనా?"

"తగ్గిపోతుంది లెండి."

"తల ఎక్కడ పెట్టుకోను? పైగా పోయిన నవల ముందుమాటలో..."

"'నా కంప్యూటర్ పుణ్యమా అని టైపిస్టు అవసరమే పడలేదు' అని రాశారు. ఆ వాక్యం కూడా నేనే కొట్టాను సార్, ఒక్క తప్పు లేకుండా."