పుంజు కూత వినపడని ఇల్లు

“ఈ గుడ్లు కూడా మురిగిపోతాయేమోనే, రొసెందా. కోళ్ళ తెగులుకి పోగా మిగిలినవి మూడు పెట్టలూ, ఒక పుంజూనే.”

నెల రోజుల జ్వరం తరవాత మంచం దిగిన తల్లి, చింబొరాసో మంచుకొండ చలికి శాలువా బిగించుకుని, పొదుగుకొచ్చిన పెట్ట కోసం గుడ్లు ఏరుతోంది.

“ఇది మరీ పొడుగు. ఇది బీటేసింది.”

“నాకు మొగుణ్ణి కూడా ఇంతగా ఏరలేదమ్మా నువ్వు.”

“అందుకే భయం. కడగలేదు కదా వీటిని?”

“లేదు. అన్నీ ఈ వారానివే.”

“పుంజు తొక్కినవేనా? లేకపోతే పిల్లలు కావు. అవునూ, లేచిన దగ్గర్నుంచి దాని కూతే వినలేదు. ఏదే అది?”

కూతురు గంపలో గడ్డి సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది. తల్లి చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది.

గంపలోంచి తలెత్తకుండానే కూతురు అంది: “నీ కాళ్ళూ చేతులూ చల్లబడుతుంటే మూడు రోజులు చారు తాగించాను కదమ్మా. అది మన పుంజుదే.”