పద్మనాభం గారి బొటనవేలు

దేశ రాజధానిలోని ఆర్.కె. పురం క్వార్టర్స్ గేటు దగ్గరి టీ బండి చుట్టూ ఆదివారం పొద్దున చేరే తెలుగువాళ్లలో కిరణ్‌కుమార్ కొత్తవాడు. స్కూటర్ మీంచి పడి భుజం దెబ్బతింది. ఎముకకేం కాలేదన్నారు గానీ మెడ నుంచి మోచేతి దాకా కండరాలు బిగుసుకుపోయి, తన పసికూతురు స్నిగ్ధ చేతులు చాస్తే ఎత్తుకోలేకపోతున్నాడు. ఆ దిగులే అతన్ని తినేస్తోంది.

"భుజం నొప్పా? ఇన్నాళ్లూ నా కంటపడలేదు గనక బతికిపోయింది," అన్నారు మిలిటరీలో చేసి రిటైరైన పద్మనాభం గారు, శాలువాలోంచి ఎడమ చెయ్యి చాపి గ్లాసు అందుకుంటూ. "కంటోన్మెంటులో ఒక జవానుకి మెడ పట్టేసింది. బొటనవేలితో ఇంత అదిమాను, వదిలేసింది. అందులో గొప్పేం లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక పెహల్వాన్ వచ్చాడు, భుజంలో కండ కొబ్బరికాయంత ముడి పడిపోయి. నేను నొక్కేసరికి ఆ ముడి మోచేయి దాటి, మణికట్టు దాటి, చిటికెనవేల్లోంచి టప్పున దూకి ఎదురింటి కిటికీ అద్దం పగలగొట్టింది."

"అచ్ఛా," అన్నాడు తెలుగు రాని టీ భయ్యా.

కిరణ్‌కుమార్ తాగడం మర్చిపోయి వింటున్నాడు. పద్మనాభం గారికి ఊపొచ్చింది. పరేడ్‌లో నడిచే ఒంటెకి భుజం పట్టేస్తే ఈయన ఒక్క రుద్దు రుద్దారట, అది సంతోషం పట్టలేక జైపూర్ దాకా పరిగెత్తి, ఈయనకి దండం పెట్టడానికి మళ్లీ వెనక్కొచ్చిందట.

"ఒంటెదేముంది, మెట్రో స్తంభం సంగతి వినండి. రైళ్లు మోసి మోసి దాని భుజాలు పట్టేశాయి. ఇంజనీర్లు చేతులెత్తేశారు. నేను నూనె కాచి పట్టించి, ఒక్క నొక్కు నొక్కాను. స్తంభం హమ్మయ్య అని ఒళ్లు విరుచుకుంది. పైన రైలు బారెడు గాల్లోకి లేచింది. కిందికి దిగేసరికి నిలబడ్డవాళ్లందరికీ సీట్లు దొరికాయి."

"రైలు లేచిందంటే నమ్ముతాం గానీ, సీట్లు దొరికాయంటే ఎలా?" అన్నారెవరో.

కిరణ్‌కుమార్‌కి అవేం వినబడలేదు. జాకెట్ విప్పి భుజం ముందుకు పెట్టాడు. "అంకుల్, ఒక్కసారి మీ చెయ్యి వెయ్యండి. మా పాపని ఎత్తుకోవాలి."

పద్మనాభం గారు గ్లాసులోకి చూసుకున్నారు. అప్పటిదాకా బెంచీ మీద కూర్చుని వింటున్న సరోజిని గారు నెమ్మదిగా అందుకున్నారు.

"ఏ చెయ్యి వేస్తారు పద్మనాభం గారూ? మొన్న ఫిజియోథెరపీలో నా పక్కనే కదా మీరు. కాపడం పెట్టి, వేళ్లని గోడ మీద పైకి పాకించమంటే ఆ థెరపిస్టు వైశాలి ముందు అమ్మా అని ఏడ్చారే, ఆ చెయ్యేనా?"

అందరూ ఘొల్లుమన్నారు. పద్మనాభం గారి కుడి చెయ్యి శాలువాలోంచి బయటికి రాలేదు.

కిరణ్‌కుమార్ మాత్రం నవ్వలేదు. అతని కళ్లు ఇంకా పెద్దవయ్యాయి. మెట్రో స్తంభాన్ని నొక్కిన చేతినే ఏడిపించిందంటే ఆవిడెంతటి మనిషై ఉండాలి?

"ఆంటీ," అన్నాడు జాకెట్ తొడుక్కుంటూ, "ఆ వైశాలి గారి దగ్గరికి నన్ను తీసుకెళ్తారా?"