మందు చొక్కా

మామిడితోటకు మందు కొట్టి అప్పుడే ఇంటికొచ్చాడు పెద్దిరాజు. కూతురు భవాని బోరింగు దగ్గర బకెట్ నింపుకుంటోంది.

“అయితే మందు వల్ల కాదంటావు.”

“కాదని నేననలేదు నాన్నా. అమ్మ క్యాన్సర్‌తో పోయింది నీవల్లేనని కుమిలిపోవద్దంటున్నా. చొక్కా ఇటియ్యి.”

“ఈ మందు చొక్కాలు ఇన్నేళ్లూ చేత్తో ఉతికింది మీ అమ్మేగా. గ్లౌజులు అడిగితే తోట యజమాని కృష్ణారావుగారు పనిలోకి రావద్దన్నారు. నోరు మూసుకుంది నేనేగా.”

“అమ్మ రిపోర్టులో ఏముందో చెప్పనీ. ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ పోగులుంటాయి. అవి తెగుతుంటాయి.”

“విజయవాడలో ల్యాబు చదువు చదివింది ఇందుకా, నన్ను ఓదార్చడానికి?”

“విను. తెగితే ఒక ప్రొటీన్ వచ్చి ఆ కొస పట్టుకుంటుంది. అచ్చం అలాంటి పోగే ఇంకోటి ఉంటుంది. దాని పక్కన పెట్టి, ఇక్కడ కలిసిందా, అక్కడ కలిసిందా అని జరుపుకుంటూ వెతుకుతుంది.”

“చిరిగిన చీరని జత చీర పక్కన పెట్టి, అంచు కలిసేచోట చూసి కుట్టినట్టా?”

“అదే. కలిసినచోట ఆగి, దాన్ని చూసి కణం పోయిన ముక్క అల్లుకుంటుంది. ఆ ప్రొటీన్‌ని తెగిన కొస మీదికి చేర్చేది ఇంకో ప్రొటీన్ ఉంది. అమ్మకి అది పుట్టుకతోనే సరిగ్గా లేదు. ఆ లోపం అమ్మమ్మ నుంచి వచ్చింది, నీ చొక్కా నుంచి కాదు.”

“మరి మందుకి తెగవా?”

“కాస్త పక్కకి జరుగు, నీళ్లు పడుతున్నాయి.”

“అడిగిందానికి చెప్పు.”

“కొన్ని మందులకి తెగొచ్చంటారు. అమ్మకి దీనివల్లేనని ఎవరూ తేల్చలేరు.”

“అంటే కుట్టుకునే దిక్కులేని మనిషికి, చింపేదాన్ని రోజూ మోసుకొచ్చి ఇచ్చా.”

“నాన్నా, ఇంక వదిలెయ్యి.”

“మీ అమ్మ నుంచి నీకు రాలేదుగా?”

“సబ్బు ఎక్కడ పెట్టావు?”

“భవానీ. నీకూ పరీక్ష చేశారా?”

“చేశారు. ఉన్నంత మాత్రాన జబ్బు వస్తుందని లేదు. ఏటా స్కానింగ్ చేయించుకుంటే...”

“ఉందా?”

“ఉంది.”

“మీ అమ్మ పోయినప్పట్నుంచి నా బట్టలు ఎవరు ఉతుకుతున్నారు?”

“ఎవరో ఒకరు ఉతకాలిగా నాన్నా.”

“చేతులు బకెట్లోంచి బయటికి తియ్యి తల్లీ.”