గిన్నె అడుగున పేరు

మిన్నెసోటాలో ఒక చర్చి వంటగది. ఇద్దరు ముసలమ్మలు బంగాళాదుంపల వంటకాన్ని ఓవెన్‌లోంచి దించుతున్నారు.

"ఇన్సూరెన్సు కంపెనీ పెద్దని కాల్చి చంపారంటే నిన్న అందరి ముందూ కిసుక్కున నవ్వావు. ఇవాళ వాళ్ళమ్మకి వండావేంటి వదినా?"

"నా మోకాలి ఆపరేషన్‌కి డబ్బివ్వడం కుదరదన్నది వాడి కంపెనీ, వాళ్ళమ్మ కాదుగా. చావింటికి వండి పంపకుండా ఎట్లా?"

"ఆవిడకీ ముందు కుదరదని చెప్పి, అప్పీలు చేసుకోమనాల్సింది."

"అనుకున్నాలే. అప్పటికి చల్లారిపోతుందని ఊరుకున్నా."

"గిన్నె అడుగున నీ పేరు అంటించావే, పీకెయ్యనా? నువ్వు నవ్విన సంగతి ఆవిడ చెవిన పడింది."

"ఉండనీ. పేరుంటేనేగా గిన్నె తిరిగివ్వడానికి మా ఇంటికొచ్చేది. వాళ్ళ మెట్లు నేనెక్కలేను."

"వస్తే మోకాలి గొడవ చెప్తావా?"

"ఛ. కూర్చోబెట్టి, వాడి చిన్నప్పటి అల్లరి చెప్పించుకుంటా."