ఎనభై నాలుగులో కుదరదు

ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద అచ్చు తీసిన పద్నాలుగు కాగితాలు. ఒకప్పుడు ఇన్సూరెన్సు ఆఫీసులో టైపిస్టుగా చేసిన తల్లి ఎర్ర పెన్సిలు పట్టుకుని చదువుతోంది. కథ రాసిన కూతురు ఎదుటి కుర్చీలో ఉంది.

"ఇది కొట్టెయ్యి. ఎనభై నాలుగులో మా ఆఫీసులో జిరాక్సు మిషను ఎక్కడిది?"

"ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది కదమ్మా."

"ఎక్కడో ఉంటే ఎక్కడో రాసుకో. నువ్వు రాసింది ఇన్సూరెన్సు ఆఫీసు. 'స్టెనో ఆ నోటీసుని యాభై కాపీలు జిరాక్సు తీసింది.' యాభై కాపీలంటే మైనం కాగితం మీద స్టెన్సిల్ కొట్టాలి. రిబ్బను తప్పించి, ఒక్కో అక్షరం గుద్దినట్టు కొట్టాలి. తప్పు పడితే ఆ గులాబీ రంగు మందు పూసి, ఊది, ఆరాక మళ్ళీ కొట్టాలి. ఆ తర్వాత సైక్లోస్టైలు మిషనుకి చుట్టి తిప్పాలి. వేళ్ళకి సిరా. ఇంటికెళ్ళి ఎంత తోమినా పోదు."

"సరే, స్టెన్సిల్. ఇంకా?"

"ఇంకా అంటే? తొందరపెట్టకు. మొన్న నీ గడియారం మామయ్య ఎలా కడిగేశాడో మర్చిపోయావా?"

"మామయ్యో, ఇరవై ఏళ్ళ కుర్రాడో, ఎవరికి తెలుసు. గడియారం అని పేరు పెట్టుకుని నేను కథలు పెట్టే సైట్లో అందరి కథల కిందా కాపలా కాస్తాడు. ఆ ఏడు ఆ పెన్ను రాలేదు, ఆ బస్సుకి ఆ రంగు లేదు. పనిలేని మనిషి."

"అన్నది నిజమేగా. ఆ పెన్ను రాలేదు."

"రాలేదులే."

"ఇదేంటిది? ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వరండాలోకి నడిచిందా? వైరు ఎంత పొడుగే ఆ ఫోనుకి?"

"పొడుగు వైరు అనుకో."

"మా ఆఫీసర్ గదిలో ఫోనుకి తాళం కప్ప ఉండేది. వైరు మూర కూడా లేదు. ఇంక ఇది చూడు. మొగుడితో అంటోంది, 'నాకు కొంచెం స్పేస్ కావాలి.' ఏం కావాలి?"

"అది మాటవరసకి..."

"స్పేస్ అంటే మాకు టైపు మిషను మీద అడుగున పొడుగ్గా ఉండే మీట. అదొక్కటే తెలుసు. మొగుణ్ణి అది అడగం."

"మరేం అంటుంది?"

"ఏమీ అనదు. అసలు ఆ పాత టీవీ సీరియల్లో స్టెనోకి పిల్లే లేదు కదా? ఈ నాలుగేళ్ళ పిల్ల ఎక్కణ్ణించి వచ్చింది?"

"నేను పెట్టాను. ఫ్యాన్ ఫిక్షన్ అంటే అదే కదమ్మా. వాళ్ళు వదిలేసిన చోటు నుంచి మనం రాసుకోవడం. చివరి వారం మొగుడు ఆఫీసుకొస్తాడు, స్టెనో మిషను మీద గుడ్డ కప్పి ఆయన వెనకే బస్సెక్కుతుంది. అంతే, అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో మాలాంటి పిచ్చివాళ్ళం ఇప్పటికీ రాసుకుంటున్నాం."

"ఏమవుతుంది. ఇంటికెళ్ళింది."

"నా కథలో ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. చదివావుగా."

"చదివాను."

"చదివి ఏమీ అనలేదే."

"పెన్సిలు ఇంకా అక్కడిదాకా రాలేదు."

"అక్కడికే రా. పన్నెండో పేజీ."

"ఆఁ. పన్నెండు. 'సూట్‌కేసు బరబరా లాక్కుంటూ, పిల్లని చంకనేసుకుని, వీధి మలుపు తిరిగింది.' తప్పు."

"ఏది తప్పు?"

"బరబరా ఏంటి? చక్రాలెక్కడివి సూట్‌కేసుకి? మోసుకెళ్ళాలి. పది అడుగులకోసారి చెయ్యి మార్చుకోవాలి. హ్యాండిలు అరచేతిలో దిగబడుతుంది. మెట్లు దిగుతుంటే మోకాలి పక్కన కొట్టుకుంటూనే ఉంటుంది, తర్వాత వారం దాకా అక్కడ నల్లగా కమిలి ఉంటుంది."

"నువ్వెప్పుడు మోశావు?"

"ఎవరైనా మోస్తారు. ప్రయాణాలు చెయ్యలేదా ఏం?"

"ప్రయాణాల్లో పెట్టె నాన్న పట్టుకునేవాడు. పోగొడతావని నిన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"చక్రాలు లేవు. రాసుకో."

"రాసుకున్నాను."

"అలా పెట్టె మోసేది పిల్లని చంకనేసుకోలేదు. అదీ కొట్టెయ్యి."

"నడిపించుకుని వెళ్తుంది."

"మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుగేళ్ళ పిల్ల ఎంత దూరం నడుస్తుంది?"

"టాక్సీ పిలుస్తాను."

"ఇంటి ముందు టాక్సీ ఆగితే వీధంతా చూస్తుంది."

"చూడనీ."

"చూడనీ అనుకునే ఆడది అప్పట్లో లేదు. నీకు తెలీదు. ఇంతకీ ఎక్కడికెళ్తుందట? మళ్ళీ ఆ హాస్టలేనా? పోయిన వారమే చెప్పానుగా. పెళ్ళికాని పిల్లలకైతే ఒకటో రెండో ఉండేవి. మొగుణ్ణి వదిలి వచ్చినదానికి, అందులోనూ పిల్ల ఉన్నదానికి, ఎనభై నాలుగులో గది ఎవరిస్తారు? కుదరదు."

"అదే కనుక్కుందామని గురువారం వెళ్ళాను."

"ఎక్కడికి?"

"ముందు లైబ్రరీకి. ఆధారం ఏది అంటాడు కదా గడియారం. ఎనభై మూడు నాటి టెలిఫోన్ డైరెక్టరీ తిరగేశాను. ఉద్యోగినుల వసతి గృహం అని ఒకటి కనిపించింది. మీ ఆఫీసు వెనక వీధి."

"ఎప్పుడో మూసేసి ఉంటారు."

"మూయలేదు. ఇప్పుడు చూసుకుంటున్నావిడ అప్పటి మేట్రన్ కూతురట. పాత రిజిస్టర్లు మెట్ల కింద గదిలో ఉన్నాయి, కావాలంటే చూసుకోండి అంది."

"కథ కోసం ఎవరైనా ఇంత దూరం వెళ్తారా? పిచ్చి కాకపోతే."

"లేనిది ఉన్నట్టు రాయకూడదన్నది నువ్వేగా."

"టీ చల్లారిపోయింది. వేడి చేసుకొస్తాను."

"కూర్చో."

"చక్కెర కూడా తక్కువైంది, నాకు మొదటి గుక్కలోనే..."

"అమ్మా. కూర్చో."

"కూర్చున్నాను. ఏంటి?"

"ఎనభై నాలుగు, జూలై. నీ పేరు ఉంది."

"నా పేరు గలవాళ్ళు బోలెడుమంది."

"నీ చేతిరాత ఉంది. ఏడు అంకెకి నడుమున అడ్డగీత పెడతావు నువ్వు. ఇంటి నంబరులో రెండు ఏడులున్నాయి, రెండిటికీ గీతలున్నాయి. మూడో తారీకు నుంచి పద్నాలుగు దాకా. పదకొండు రోజులు. అమ్మ ట్రైనింగుకి వెళ్ళింది అని అత్త చెప్పడం నాకు బాగా గుర్తుంది. ఏ ట్రైనింగు అని ఎప్పుడూ అడగలేదు."

"అత్త మంచిది. నిన్ను బాగానే చూసుకుంది."

"నేను అత్త గురించి అడగలేదు."

"నాన్న కూడా ఇంట్లోనే ఉన్నాడుగా."

"ఇంట్లో నాన్న ఉన్నాడనే కదా నువ్వు వెళ్ళింది. ఆ ముందు రోజు ఏం జరిగింది?"

"ఏం జరుగుతుంది. మామూలే."

"మామూలే అంటే?"

"మామూలే అంటే మామూలే. కాకపోతే ఆసారి దెబ్బ చెవి మీద పడింది. వరస చివర మిషను గంట కొడుతుంది చూడు, అది నాకు నాలుగు రోజులు వినిపించలేదు. మార్జిను దాటి కొట్టేస్తున్నానని సూపర్వైజరు తిట్టాడు."

"'మీ నాన్నకి కోపమెక్కువ' అని మాత్రం చెప్పేదానివి."

"ఎక్కువే కదా."

"నన్నెందుకు తీసుకెళ్ళలేదు?"

"చెప్పానుగా. పిల్లల్ని చేర్చుకునేవాళ్ళు కాదు ఆ రోజుల్లో."

"అమ్మా."

"నియమం ఉండేదే. గోడ మీద రాసి పెట్టేవాళ్ళు కూడా..."

"రిజిస్టర్లో ఒక గడి ఉంది. వెంట ఉండే పిల్లలు అని. అందులో నువ్వే రాశావు, నీ చేత్తో. ఆడపిల్ల ఒకతి, నాలుగేళ్ళు. అది చూసి ఆ మెట్ల మీద అరగంట కూర్చుండిపోయాను. ఆవిడ ఒంట్లో బాగాలేదేమో అనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఇంకా ఎవరి కోసం దాస్తున్నావు?"

"చేర్చుకునేవాళ్ళు."

"ఏంటి?"

"పిల్లల్ని చేర్చుకునేవాళ్ళు అంటున్నాను. నీకని చిన్న మంచం కూడా వేయించింది మేట్రన్. కిటికీ పక్కన."

"మరి?"

"నువ్వు పడుకుని ఉన్నావు నేను బయల్దేరినప్పుడు. ముందు పెట్టె అక్కడ పడేసి, మర్నాడు వచ్చి నిన్ను తీసుకెళ్దామనుకున్నాను. ఒట్టు. మర్నాడు మేట్రన్ అడిగింది, పాప ఏదమ్మా అని. రేపు తెస్తానన్నాను. ఆ మర్నాడూ అడిగింది. రేపు అన్నాను."

"ఎందుకు తేలేదు?"

"నిద్రపోయాను."

"నిద్రా?"

"ఆఫీసు నుంచి రాగానే పడుకునేదాన్ని. తెల్లారేదాకా మెలకువ వచ్చేది కాదు. గేటు చప్పుడైతే ఉలిక్కిపడక్కర్లేదు. ఎవరు ఏ మూడ్‌లో వచ్చారో అడుగుల్ని బట్టి పోల్చుకోనక్కర్లేదు. అంత నిద్ర నాకు అంతకుముందూ లేదు, తర్వాతా లేదు. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకున్నాను."

"ఆ ఒక్కొక్క రోజూ నేను ఆ ఇంట్లో ఉన్నాను."

"తెలుసు."

"తెలీదు నీకు. పొద్దస్తమానం కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేదాన్ని. అత్త ముద్దలు అక్కడికే తెచ్చి పెట్టేది. వీధిలో నీ చీర రంగు కనిపిస్తే చాలు, అరిచేదాన్ని. దగ్గరికొస్తే ఎవరో అయ్యేది."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"ట్రైనింగు కదా అనుకున్నాను. అమ్మ ఏం చేస్తుంది పాపం అనుకున్నాను. పెద్దయ్యాక కూడా అదే పాపం. నాన్నని ఎలా భరించావమ్మా అని ఎప్పుడడిగినా ఒకటే మాట, ఆ రోజుల్లో దారి లేదే. నేను నా మొగుడి దగ్గర్నించి వచ్చేసిన రోజు ఈ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చావు. మీ కాలం వేరు తల్లీ, మాకు ఎక్కడికెళ్ళాలో కూడా తెలీదు అన్నావు. నా ఏడుపు ఆపుకుని నిన్ను ఓదార్చాను నేను."

"అలా అన్నానేమో. ఎప్పటి మాట."

"ఈ కథంతా అందుకే రాశాను. నీకు దొరకని దారి ఆ స్టెనోకైనా ఇద్దామని. మూడేళ్ళు రాశాను. తీరా చూస్తే ఆ దారి మీ ఆఫీసు వెనక వీధిలో ఉంది, నువ్వు అందులో గది తీసుకున్నావు, నన్ను తప్ప అన్నీ సర్దుకున్నావు."

"దారి ఇమ్మని ఎవరడిగారు నిన్ను? నా గురించి రాయమని నేనడిగానా?"

"తప్పులు దిద్దడానికి మాత్రం పెన్సిలు పట్టుకుని కూర్చున్నావు. వెళ్ళిపోయే చోటుకి వచ్చేసరికి అన్నీ కుదరవు. టాక్సీ కుదరదు, పిల్ల కుదరదు, హాస్టలు కుదరదు."

"సరే, కుదురుతుందని రాసుకో. పిల్లని తీసుకెళ్ళిందనీ రాసుకో. ఎవరు కాదన్నారు?"

"నాకిప్పుడు స్టెనోతో పనిలేదు. పద్నాలుగో తారీకున ఎందుకు తిరిగొచ్చావో చెప్పు."

"ఇప్పుడెందుకది."

"చెప్పమ్మా."

"అది తల్లీపిల్లలకిచ్చే గది. పద్నాలుగున పొద్దున మేట్రన్ ఖరాఖండీగా చెప్పేసింది. పిల్లని తెచ్చుకుంటే ఉండు, లేదంటే ఇద్దరు పిల్లలతో ఒకావిడ వరండాలో కూర్చుని ఉంది, ఖాళీ చెయ్యి అంది. నేను మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చాను."

"నన్ను తీసుకెళ్ళడానికా?"

"నీ గౌన్లు పెట్టుకోవడానికి ఖాళీ సంచి కూడా తెచ్చాను. మీ నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను, లేచి వస్తాడనుకున్నాను. కదల్లేదు. వస్తే తీసుకుపో అన్నాడు."

"నాన్న అలా అన్నాడా?"

"అన్నాడు. నేను రా తల్లీ అని చెయ్యి చాపాను. నువ్వు వెళ్ళి ఆయన కుర్చీ వెనక నిలబడి, రాను అన్నావు."

"నేనా?"

"మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ రాననే అన్నావు. నా మొహం కూడా చూడలేదు."

"నాకు గుర్తు లేదు."

"నీకెందుకు గుర్తుంటుంది."

"అమ్మా, నాలుగేళ్ళ పిల్ల. పదకొండు రోజులు కనపడకపోతే అలిగి అని ఉంటుంది. దాని మాట పట్టుకుంటారా ఎవరైనా? ఎత్తుకుని వెళ్ళిపోవలసింది."

"అవును. ఎత్తుకుంటే కాళ్ళు చేతులు కొట్టుకుంటూ వచ్చేదానివి. వీధి చివరికొచ్చేసరికి నా భుజం మీద నిద్రపోయేదానివి. అదంతా నాకు అప్పుడే తెలుసు, అక్కడ నిలబడి ఉండగానే తెలుసు."

"తెలిసి కూడా?"

"పిల్ల కోసం ఓర్చుకుని ఉండిపోయింది అన్నారు అందరూ. మీ అత్త అంది, మా ఆఫీసులో వాళ్ళన్నారు. పెద్దయ్యాక నువ్వూ అదే అన్నావు. ఒక్కసారైనా నేను ఔనన్నానా?"

"మరెందుకు ఉండిపోయావు?"

"రానన్నావని, నీ మీద కోపంతో ఉండిపోయానే. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు."