కొలత తియ్యని చొక్కా

అయ్యలారా, అమ్మలారా, పనులు మానుకుని వచ్చారు. ఈ హాల్లో సగం చొక్కాలు మా అన్నయ్య కుట్టినవే. మెడలో టేపు తియ్యడని మీరంతా టేపన్నయ్య అని పిలిచిన దర్జీ పోయి వారమైంది.

ఇంతకుముందు మాట్లాడిన వేదాంతం మాస్టారు, అన్నయ్య అనంతంలో లీనమైపోయాడన్నారు. మాస్టారూ, ఆయన బతికుండగా ఈ మాట అని నెగ్గారా? దేవుడికి రూపమేమిటోయ్, నువ్వూ ఆయనా ఒకటే కదా అని మా షాపులో గంటసేపు చెప్పారు. మీ నడుం కొలుస్తూనే విన్నాడు. "ఇద్దరం ఒకటే అయితే నేనెవరికి కుట్టాలండీ?" అన్నాడు. లీనమవడం ఆయనకి వద్దు. దేవుడికి ఎదురుగా నిలబడాలి. కళ్ళారా చూడాలి. నోరు లేదు కదా అని, ఆయన వద్దన్నదే ఆయనకి అంటగడతారా?

నవ్వకండి, నా నాస్తిక మిత్రులారా. మనమేం తక్కువ తిన్నాం? మిషను పక్క అలమరలో జానెడు ఇత్తడి కృష్ణుడు. మిగిలిన గుడ్డముక్కలతో నెలకో చొక్కా కుట్టేవాడు, ప్రతిసారీ టేపు పెట్టి కొలిచి. "ఒళ్ళు చేశాడా మీవాడు?" అని నేనంటే మీరు పడీపడీ నవ్వేవారు. "కొలవడమంటే కాసేపు దగ్గరగా ఉండడంరా" అనేవాడు. నా చెవికెక్కలేదు.

ఆస్పత్రిలో చెయ్యి లేవని స్థితిలో నన్నడిగాడు, ఈ నెల చొక్కా నువ్వు కుట్టు, కొలిచి కుట్టు అని. ఇత్తడి బొమ్మకి కొలతేమిటి? అంచనాగా కుట్టి పట్టుకెళ్ళాను, చొక్కా చేతులు రెండూ కిందికి దించి. వేణువు పట్టుకున్నవాడి చేతులు కిందికుంటాయా? ముప్పై ఏళ్ళు ఆ గదిలోనే కూర్చుని కాజాలు కుట్టాను. ఆ చేతులెటున్నాయో ఒక్కసారి చూడలేదు.

అన్నయ్య ఆ చొక్కా వంక చాలాసేపు చూశాడు. "దేవుడు లేడని అను, నాకేం కోపం లేదు. చూడకుండా లేడన్నావు, అదిరా బాధ" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పోయాడు.

నిన్న ఆ కృష్ణుణ్ణి టేపు పెట్టి కొలిచాను. చేతులు ఒక పక్కకి తిప్పి, వెనక నాడాలు పెట్టి కుట్టాను. సరిపోయింది. నాకిప్పటికీ దేవుడి మీద నమ్మకం లేదు. సరిపోయిందని చెప్పుకుందామంటే అన్నయ్యా లేడు.

"మౌనమనేది, మాట్లాడ్డానికి ఎవరూ లేనివాళ్ళకిరా" అనేవాడు అన్నయ్య. ఆయనకి మాట్లాడ్డానికి ఒకడున్నాడు. నాకు ఆయనుండేవాడు.

లేవండి. ఒక్క నిమిషం, ఎవరూ ఏమీ మాట్లాడకుండా, నాతోపాటు నిలబడండి.